రేవులో రాతి మొద్దు

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమంతో బడులు మూతబడ్డప్పుడు నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. ఇవాళ తెరుస్తారు, రేపు తెరుస్తారు అంటూనే నెలలు గడిచాయి. ఖాళీగా తిరిగితే ఊరేగింపుల్లో పడి దెబ్బలు తింటానని మా బాపు నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టి నూలు కండెలు చుట్టించేవాడు. పొద్దంతా ఆ పని. సాయంత్రం చేతులు కడుక్కొని కరీంనగర్ గ్రంథాలయానికి పోయేవాణ్ని. మొదట్లో పోయింది అక్కడి పంకా గాలి కోసం, కాళ్ళకు చల్లగా తగిలే షాబాద్ బండల కోసం. పేపర్ల బల్ల చుట్టూ పెద్దవాళ్ళు కూర్చునేవారు, పిల్లలకు చోటుండేది కాదు. అందుకని లోపలి బీరువాల మధ్యకు చేరాను.

గ్రంథపాలకుడు బక్కపలచటి మనిషి. నేను పుస్తకం తిరిగిచ్చిన ప్రతిసారీ కళ్ళద్దాల మీది నుంచి చూసేవాడు.

"గీ బీరువ అయిపాయెనా తమ్మీ?"

"అయిపోయింది సార్."

"అయితె పక్కదాంట్ల వడు. నీ పెండ్లిదాక సాలుతయి."

ఆ పక్క బీరువాలో నాకొక పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. భూమ్మీద జీవులు ఒకదాని నుంచి ఒకటి ఎట్లా మారుతూ వచ్చాయో తేటతెల్లంగా చెప్పిన పుస్తకం అది. తిమింగలం రెక్కలో చేతివేళ్ళ ఎముకలు ఉంటాయని చదివిన సాయంత్రం నా చేతిని నేనే తిప్పి తిప్పి చూసుకున్నాను. ఇంటికి పోగానే బాపుకు చెప్పాను. ఆయన నూలు పోసే ఆసు ఆపకుండానే విన్నాడు.

"పోగు తప్పితె బట్ట ఖరాబైతది బిడ్డా. కొత్త రకం బట్ట ఎట్లయితది?" అన్నాడు.

 జవాబు కోసం మళ్ళీ గ్రంథాలయానికి పోయి ఆ పుస్తకంలోనే వెతికాను. దొరికింది. వారం తర్వాత బాపు దగ్గర కూర్చొని, తప్పిన పోగుల్లో దాదాపు అన్నీ ఖరాబేననీ, ఎప్పుడో ఒక్క తప్పు చూడముచ్చటగా పడుతుందనీ, దాన్నే జనం కొంటారనీ, మరుసటి చీర దాన్ని చూసే నేస్తారనీ చెప్పాను. 

"మాట బాగనే ఉన్నది. మరి నువ్వు సుట్టిన కండెలల్ల గా ముచ్చటైన తప్పు ఒక్కటన్న వడలేదేందిరా?" అన్నాడు.

నా చదువు అట్లా సాగింది. బడి చదువు పదో తరగతి, ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్. కాలేజీ గడప తొక్కలేదు. డిగ్రీ ఉన్నవాళ్ళ ముందు ఒకప్పుడు మాట్లాడటానికి జంకేవాణ్ని. పోనుపోను, వాళ్ళు పరీక్ష కోసం చదివి మరిచిపోయింది నేను పరీక్ష లేకుండా చదివి గుర్తుపెట్టుకున్నానని తెలిశాక ఆ జంకు పోయింది. కొంచెం గర్వమే వచ్చిందనుకోండి.

ఉద్యోగం గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లాలో వచ్చింది. మందమర్రి దాటి, బొగ్గుబాయిల పొగ వెనకబడ్డాక, టేకు అడవి అంచున ఒక వాగు ఒడ్డు ఊరు. ఏడో తరగతి దాకా ఉన్న బడి. పెద్దసారు లెక్కలు, తెలుగు చెప్పేవాడు. మిగతావన్నీ నావి. సైన్సు సామాను అంటే ఒక భూతద్దం, పగిలిన పరీక్షనాళికలు, గోడకు వేలాడే గుండె బొమ్మ. ఆ బొమ్మలో కింది సగం చెదలు తినేశాయి.

ఉన్నవాటితోనే చెప్పేవాణ్ని. ఒకనాడు పిల్లలను ఇంటి నుంచి తలా పిడికెడు గింజలు తెమ్మన్నాను. పెసర్లు, మినుములు, తెల్లజొన్నలు, చింతగింజలు తెచ్చారు. బడి వెనక నల్లరేగడిలో అన్నీ కలిపి చల్లి, "ఇప్పుడు మీరు కోళ్ళు. చప్పట్లు కొట్టగానే ఏరండి, మళ్ళీ కొట్టగానే ఆపండి" అన్నాను. ఆపాక చూస్తే దోసిళ్ళ నిండా తెల్లజొన్నలే. మినుములు నేలలోనే ఉండిపోయాయి. నల్లనేలలో నల్లగింజ మిగులుతుంది, మిగిలింది మొలుస్తుంది, మొలిచింది మళ్ళీ నల్లగింజనే కాస్తుంది అని చెప్తుండగా ఊళ్ళో అసలు కోళ్ళు వచ్చిపడ్డాయి. అవి రంగు చూడలేదు, దొరికిందల్లా మింగాయి. పిల్లలు పొట్టలు పట్టుకొని నవ్వారు. ఆ పాఠం మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

మనిషి సంగతి దగ్గర చిక్కు వచ్చింది. పిల్లలు ఇళ్ళకు పోయి ఏం చెప్పారో గానీ, మర్నాడు పటేలు అరుగు ముందు నుంచి పోతుంటే పిలిచాడు. ఊళ్ళో పెద్ద భూస్వామి, పెద్దమనిషి. మాటలో మోటు, మనసులో మెత్తదనం.

"సారూ, మా తాత కోతి అన్నరట గద బడిల. మీ తాతను మీరు ఏమన్న అనుకోండ్రి. మా తాత ఏడు నాగండ్ల సేద్యం చేసిండు."

"కోతి తాత కాదు పటేలా. దానికీ మనకూ ఎన్నో తరాల కింద ఒక్కటే మూలపురుషుడు."

"అంటే భూమిల వాటా ఉన్న పాలోడన్నట్టు."

"అట్లనే అనుకోండి."

"గందుకేనా, ఏటా నా మక్కచేన్ల వడి తింటున్నయి. నేను దొంగతనమనుకున్న. పాలు తీసుకుంటున్నయన్నట్టు."

అరుగు మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఊళ్ళో నన్ను చాటుగా కోతి సారు అనేవారు, ఎదురుగా సారూ అనేవారు. కోపం రాలేదు. నన్ను బాధపెట్టింది వేరే. పిల్లలు నా మాట నమ్ముతున్నారు గానీ, నేను సారును కాబట్టి నమ్ముతున్నారు. రేపు ఇంకో సారు వచ్చి ఇంకోటి చెప్తే అదీ నమ్ముతారు. కళ్ళతో చూసి, చేత్తో తడిమి, తమంతట తాము ఒప్పుకునేది ఒక్కటైనా వాళ్ళ ముందు పెట్టాలని నాకు పట్టుదల పెరిగింది. అట్లాంటిది ఆ పల్లెలో ఎక్కడ దొరుకుతుంది?

దొరికింది. నా అంగీ పోయినందుకు దొరికింది.

ఊరంతటికీ బట్టలుతికేది ఒక్క కుటుంబమే. ఆ ఇంటాయన బొగ్గుబాయి పనిలో కుదిరాక రేవు బాధ్యత భార్య మీదే పడింది. నలభై దాటిన మనిషి. ఊళ్ళో చిన్నా పెద్దా ఆమెను రేవు అక్క అనేవారు. నాకున్న తెల్ల అంగీల్లో ఒకటి రాలేదని ఆదివారం వాగుకు పోయాను. ఆమె మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ధోతి ఎత్తి బండ మీద కొడుతోంది. నన్ను చూసి ఆగింది. బండ మీద నీళ్ళు జారి, ఎండ పడింది.

తడిసిన ఆ రాతి కొసన వలయాలు కనిపించాయి. ఒకదాని చుట్టూ ఒకటి, సన్నవీ లావువీ. కొత్తగా కోసిన టేకు దుంగ కొసను చూసినట్టే ఉంది. పక్కకు వంగి చూశాను. పక్కన నిలువు గీతలు, మద్ది చెట్టు బెరడు పగుళ్ళ లాంటివి. ఒకచోట కొమ్మ విరిగిన బుడిపె కూడా ఉంది. తడిమితే చల్లగా, గట్టిగా, నిక్కమైన రాయి.

"ఏంది సారూ, పిల్లను చూడవోయినట్టు గట్ల చూస్తున్నరు?" అంది ఆమె.

"అక్కా, ఇది బండ కాదు. చెట్టు."

ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

"ఎండల నడిచొచ్చిండ్రా? గా నీడకు కూసోండ్రి జర. మీ అంగి యాడికి పోలే, పెద్దసారు మూటల కలిసింది."

అంగీ సంగతి నాకప్పుడు పట్టలేదు. చెట్టు రాయి అయ్యే సంగతి కరీంనగర్‌లో ఎన్నడో చదివి ఉన్నాను. మరుసటి సెలవు రోజు మంచిర్యాలకు పోయి అక్కడి గ్రంథాలయంలో మళ్ళీ చదివి ఖాయం చేసుకున్నాను. వరదకు కూలిన మాను గాలి సోకకుండా ఒండ్రులో కూరుకుపోతే త్వరగా కుళ్ళదు. నేలలోని నీళ్ళలో కరిగి ఉండే రాతిసారం దాని కణకణంలో చేరి గట్టిపడుతుంది. కట్టె పోతుంది, కట్టె రూపం మిగులుతుంది. మా చుట్టుపక్కల నేలలో అట్లాంటివి దొరుకుతాయనీ, వాటిలో చాలావరకు పువ్వు పూసే చెట్లు ఇంకా పుట్టని కాలానివనీ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ఆ వంశం చెట్లు ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేవు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆ మాటే తలుచుకున్నాను. ఒక వంశమంతా పోయి, దాని ఆనవాలు మా ఊరి రేవులో బట్టలు మోస్తోంది.

మొద్దును బడి ఆవరణకు చేర్చాలని నా ఆలోచన. రెండెడ్ల బండి, పదిమంది మనుషులు చాలు. అక్కను అడిగాను. చవుడు మట్టి కలిపిన బానలో కర్రతో బట్టలు తిప్పుతూ ఆమె చివరిదాకా విన్నది.

"మా అత్త ఇచ్చింది సారూ నాకీ బండ. ఆమెకు వాళ్ళత్త ఇచ్చింది. మీరు బడికి కొంచవోతె నేను మీ బడి గోడకేసి ఉతకాల్నా?"

"వేరే బండ చూసి పెట్టిస్త అక్కా."

"పెట్టిస్తరు. గరుకుదుంటది. నాలుగు దెబ్బలకే మీ అంగి జల్లెడయితది. అప్పుడు మళ్ళ నన్నే అంటరు."

రేవులో బండ మీద హక్కు ఆ ఇంటిదే. అది ఊరందరికీ తెలిసిన ధర్మం. నేను బలవంతం చేయలేదు. చేయలేను కూడా. కానీ ఆమె మాటలో గరుకు అన్న ముక్క చెవిలో పడ్డాక మొద్దు చుట్టూ తిరిగి చూశాను. ఇసుకలో పూడి ఉన్న రెండో కొస బుడిపెలు బుడిపెలుగా, మామూలు రాయిలాగే ఉంది. అక్కడ వలయం జాడే లేదు. బట్టలు పడ్డ కొస మాత్రమే తరతరాలుగా అరిగి, నున్నబడి, లోపలి సంగతి బయటపెట్టింది. ఆ మాట చెప్తే ఆమె ముఖం విప్పారింది.

"గట్లనా. మా అత్త ఉంటె చెప్పుదు. ఒక్కనాడన్న నా ఉతుకుడు మెచ్చుకోలే ఆమె."

అంతటితో ఆ విషయం సద్దుమణిగేది. పిల్లలను ఎప్పుడో ఒకసారి తీసుకొచ్చి చూపిద్దామని ఊరుకున్నాను. కానీ చలికాలం చివర్లో రోడ్డు పని వచ్చింది. ఊరికి బస్సు రావాలంటే వాగు మీద చిన్న వంతెన లాంటి మోరీ కట్టాలి. కూలీలు దిగారు, గుడారాలు వేశారు. ఒక పొద్దున రేవుకు పోతే మొద్దు మీద సున్నంతో గుండ్రంగా గీత గీసి ఉంది. మోరీ పునాదికి పెద్ద రాళ్ళు కావాలి. దగ్గర్లో పడి ఉన్న పెద్దరాయి అదే. సమ్మెట్లతో పగలగొట్టి ముక్కలు వాడతారట.

పని చూసే మేస్త్రి కోస్తా వైపు మనిషి. మర్యాదస్తుడు. నేను ఆయన గుడారం ముందు నిలబడి చెట్టు రాయి అయ్యే వైనమంతా చెప్పాను. ఆయన టీ తెప్పించి, ఓపిగ్గా విన్నాడు.

"మీ పాఠం చాలా బాగుందండి మాస్టారూ. మా పిల్లలకీ మీలాంటోరుంటే బాగుండును. కానీ పునాదికి రాయి లేదని నేను పైవాళ్ళకి చెప్తే, అదుగో అంత రాయుంది కదా అంటారు. అది చెట్టండీ అని నేను చెప్పలేను కదండీ."

"ఎన్ని రోజులు ఆగుతారు?"

"మట్టి తవ్వకం అయ్యేదాకా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

రోడ్డు వద్దని నేనెట్లా అంటాను? పురిటి నొప్పులు వస్తే మంచం మీద మోసుకుపోయే ఊరు అది. రోడ్డు రావాలి. మొద్దు మిగలాలి. ఆ మొద్దు ముక్కలైతే పిల్లల చేతికి ఇవ్వడానికి నా దగ్గర మళ్ళీ మాటలే మిగులుతాయి. ఆ రోజుల్లో పాఠం చెప్తున్నా నా చెవులు వాగు వైపే ఉండేవి. సమ్మెట దెబ్బ వినిపిస్తే సుద్ద పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చేవాణ్ని. అది గుంజ పాతే చప్పుడని తెలిశాక మళ్ళీ సుద్ద అందుకునేవాణ్ని.

పటేలు దగ్గరికి పోయి మొరపెట్టుకున్నాను. ఆయన ఆకులో సున్నం రాసుకుంటూ తేలిగ్గా తేల్చేశాడు.

"గింతదానికి పరేషానెందుకు సారూ. పొద్దుగూకినంక నాలుగు పసుపు బొట్లు, కుంకుమ, ఒక ఎర్రగుడ్డ. మైసమ్మ తల్లి అంటె సమ్మెట వట్టినోడు సుత దండం వెట్టి పోతడు. ఎవడు ముట్టడు."

నిజం చెప్పాలంటే ఆ ఉపాయం నాకు నచ్చింది. గట్టిది, ఖర్చు లేనిది, ఆ పూటకే పనిచేసేది. కానీ రేపు ఏడో తరగతి పిల్లలు వచ్చి, సార్, మీరు చెట్టన్నరు, ఇది అమ్మవారు గద అంటే ఏం చెప్పాలి? చెట్టే అంటే బొట్టు అబద్ధం. అమ్మవారే అంటే నేనబద్ధం. మొద్దును కాపాడేది పాఠం కోసమే అయినప్పుడు, పాఠాన్ని పోగొట్టుకొని మొద్దును దక్కించుకుంటే ఏం చేసుకోను? ఇట్లా తర్జనభర్జన పడుతూనే పటేలుతో కలిసి రేవుకు నడిచాను. ఆయన అక్కకు తన ఉపాయం చెప్పాడు.

ఆమె పిండుతున్న చీర భుజాన వేసుకుంది.

"అమ్మవారయినంక దాని మీద నన్ను కాలు వెట్టనిస్తరా పటేలా?"

ఆమె నీళ్ళలోంచి ఒడ్డుకు వచ్చింది.

"ముట్టనిస్తరా? మైల బట్టలు తెచ్చి కొట్టనిస్తరా? మొదలు మీరే వద్దంటరు. మరి మీ ధోతులు ఏడ కొట్టాలె, మీ అరుగు మీదనా?"

నాకు అంతదాకా తట్టని సంగతి అది. నేను నా పాఠం గురించి ఆలోచించాను, పటేలు సమ్మెట గురించి. పసుపు పూసిన మరుక్షణం ఆ బండ ఆమెది కాకుండా పోతుంది. సమ్మెట పడ్డా ఆమెకు పోయేది అదే. పటేలు గొంతు సవరించుకున్నాడు.

"అయితె వలగ్గొట్టనియ్యి. నేనేం చేద్దు?"

మేస్త్రి కూడా అప్పుడే కొలతల టేపు పట్టుకొని అటు వచ్చాడు. సంగతి తెలుసుకొని, "అమ్మా, ఈ రాయి మీదంటున్నారు. పట్టా ఏమన్నా ఉందా?" అని మెల్లగా అడిగాడు.

"మీ అమ్మకు నువ్వు కొడుకువని పట్టా ఉన్నదా బిడ్డా?" అంది ఆమె.

పటేలు మీసం చాటున నవ్వు దాచుకున్నాడు. మేస్త్రి కూడా నవ్వి, టేపు చుట్టుకుంటూ పోయాడు. ఆమె మాత్రం నవ్వలేదు. ఉతికినవి ఉతకనివి వేరు చేసి, మూటలు గాడిద మీద వేసి, ఇంటింటికీ తిరిగి ఎవరివి వాళ్ళకు దింపేసింది. ఉతకనివి ఉతకనట్టే.

మర్నాడు బట్టల కోసం ఎవరింటికీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పిలవడానికి పోయిన ఆడవాళ్ళకు ఒక్కటే మాట చెప్పింది. "బండ ఉంటె బట్టలు. బండ లేకుంటె ఎవ్వలియి వాళ్ళు ఉతుక్కోండ్రి."

అవి మాఘమాసం రోజులు. పటేలు చిన్న బిడ్డ పెండ్లి దగ్గరపడింది. మా దిక్కు పెండ్లి అంటే రేవు అక్క లేకుండా ఒక్క తంతూ నడవదు. పందిట్లో బట్ట పరిచేది వాళ్ళు. ఎదురుకోళ్ళ నాడు దివిటీ పట్టుకొని ముందు నడిచేది వాళ్ళు. వచ్చే చుట్టాల బట్టలు ముల్లెలకు ముల్లెలు ఉతికి మడతపెట్టేది వాళ్ళు. పక్క ఊరి నుంచి ఇంకో కుటుంబాన్ని పిలుద్దామంటే వాళ్ళు రారు. ఇంకొకరి రేవులో దిగడం వాళ్ళలో తప్పు.

పొద్దున్నే పటేలు బడికి వచ్చాడు. నేను హాజరు పిలుస్తున్నాను. గుమ్మంలో నిలబడి పిల్లలందరూ వినేటట్టే అన్నాడు.

"సారూ, మీ చెట్టు వచ్చి నా పిల్ల పెండ్లి మీద వడ్డది."

"నేనేం చేయలేదు పటేలా."

"మీరేం చేయలేదు. ఊకె చెట్టు అన్నరు. నడువుండ్రి, గా మేస్త్రి కాడికి పోదం. మీరు మాట్లాడొద్దు. మీరు మాట్లాడితె పొద్దుగూకుతది."

నేను నోరు మూసుకొని వెంట నడిచాను. పటేలుకు వాగు ఎగువన ఒక చెలక ఉంది. సగం భూమి, సగం పెద్ద రాతి గుండ్లు. నాగలి దిగదు, పశువులు మేయవు. మేస్త్రిని అక్కడికి తీసుకుపోయి గుండ్లన్నీ చూపించాడు.

"ఒక్క మోరీ ఏంది, పది కట్టుకో. నాకు పైస వద్దు. నా చెలక సాఫైతది, నీ పునాది నిండుతది. గా రేవుల బండ జోలికి మాత్రం వోకు."

మేస్త్రి ఒక గుండును కాలితో తన్ని చూశాడు.

"ఈ మాట మొదట్లోనే అంటే సరిపోయేది కదండీ."

"మొదట్ల నా బిడ్డ పెండ్లి దూరమున్నది" అన్నాడు పటేలు.

అట్లా మిగిలింది మొద్దు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, తొంభైల్లో, నస్పూర్ దగ్గరి బడికి బదిలీ అయ్యాక, అడవిని ఎట్లా కాపాడాలి, ఏది కాపాడాలి అన్న చర్చలు పేపర్లలో తరచుగా చదివేవాణ్ని. కంచె వేయాలని కొందరు, తెచ్చి గదిలో పెట్టాలని కొందరు రాసేవారు. నేనూ మొదట బండి కట్టించి బడికి తెద్దామనుకున్నవాణ్నే. అట్లా తెచ్చి ఉంటే రెండేళ్ళకు దాని మీద విరిగిన కుర్చీలు పేర్చేవాళ్ళం. రోజూ దానితో పని ఉన్న మనిషి ఒక్కరున్నా ఆ వస్తువుకు కావలి దొరికినట్టేనని నాకు రేవు దగ్గరే అర్థమైంది. అయితే ఉతికిన కొద్దీ అది అరుగుతూనే ఉంటుందన్నదీ నిజమే. 

మేస్త్రి ఒప్పుకున్న రోజే సున్నం గీతను అక్క చవుడుతో రుద్ది పోగొట్టింది. పిల్లలను తెచ్చుకోమని తనే కబురు పెట్టింది. షరతు ఒక్కటి. మధ్యాహ్నం, బట్టలు ఆరేసి ఆమె అన్నం తినే వేళకు రావాలి, ఆమె లేచే వేళకు లేవాలి.

ఏడో తరగతి మొత్తం ఒడ్డున కూర్చుంది. నేనేమీ చెప్పలేదు. ఒక్కొక్కరినీ పిలిచి మొద్దు మీద నీళ్ళు పోసి చూడమన్నాను, తడిమి చూడమన్నాను. "ఇదేంది?" అని అడిగాను. వడ్రంగి కొడుకు ముందుగా వంగాడు. కొసను చూశాడు, పక్క గీతలు చూశాడు, కొమ్మ బుడిపె మీద వేలు పెట్టాడు.

"మొద్దు సార్. రాయి మొద్దు."

"ఎట్లా చెప్తున్నవ్?"

"మా బాపు కోసిన దుంగకు గిట్లనే ఉంటది. గిది కొమ్మ ఇరిగిన జాగ."

మిగతావాళ్ళు తోసుకుంటూ వచ్చారు. భూతద్దం చేతులు మారింది. ఆ మధ్యాహ్నం వాళ్ళు నా మాట నమ్మలేదు, వాళ్ళ వేళ్ళను నమ్మారు. అప్పుడు చెప్పాను కాలం సంగతి. పువ్వులు లేని అడవి సంగతి. మనిషి లేడు, కోతి లేదు, పక్షి లేదు.

"పువ్వులే లేకుంటె బతుకమ్మ ఎట్లాడిండ్రు సార్?" అంది ఒక అమ్మాయి.

"మనుషులే లేరంటుండు గదనే" అని పక్కపిల్ల మోచేత్తో పొడిచింది.

వడ్రంగి కొడుకు మాత్రం ఇంకా మొద్దు దగ్గరే ఉన్నాడు.

"గిసొంటి చెట్టు ఇప్పుడు యాడ లేదా సార్?"

"లేదు. దాని జాతే పోయింది."

"మళ్ళ రాదా?"

"రాదు. మారుతూ మారుతూ కోట్ల ఏళ్ళకు ఒక జాతి అవుతుంది. ఒకసారి పోయిన దారిన మళ్ళీ అదే రాదు."

వాడు గుట్ట వైపు చూశాడు. ఆ గుట్ట మీద ఏగిస చెట్లు ఒకప్పుడు గుంపులుగా ఉండేవని, ఇప్పుడు వాళ్ళ బాపు వెతికి వెతికి ఒకటో రెండో చూస్తాడని చెప్పాడు.

"ఏగిస సుత మొత్తం పోతె, గిట్ల రాయై ఉంటదా సార్?"

"ఉండదు. గుట్ట మీద ఎండినదాన్ని చెదలు తింటాయి, మిగిలింది పొయ్యిలోకి పోతుంది. రాయి కావాలంటే వరద రావాలి, ఒండ్రు కప్పాలి, కోటికి ఒకటి అవుతుంది. చాలా జాతులు ఒక్క రాయి కూడా మిగలకుండా పోయినయి. అవి ఉండేవని కూడా మనకు తెలియదు."

 వాగు అవతల మోరీ పనివాళ్ళు గుండ్లు దొర్లిస్తున్నారు. ఏగిస గింజలు ఎప్పుడు రాలుతాయని వాడు అడిగాడు. ఎండాకాలం ముందు అన్నాను. అయితే ఈ నెలలోనే గుట్టెక్కుదాం సార్ అన్నారు ఇద్దరు ముగ్గురు.

అక్క చేయి కడుక్కొని లేచింది.

"సారూ, ఇగ జరుగుతరా? పటేలింటి ముల్లెలు మూడున్నయి, పొద్దువోతె ఆరయి."

పిల్లలు లేచి ఒడ్డు మీదికి జరిగారు. ఆమె బండ మీద చెంబెడు నీళ్ళు పోసి, పెండ్లి దుప్పటి ఎత్తి మొదటి దెబ్బ వేసింది. గింజలు ఏరేటప్పుడు ఏ చెట్టువి తీసుకోవాలి, ఒక్క చెట్టువే ఎందుకు తీసుకోకూడదు, అన్నీ ఒక్కతీరువైతే ఒక్క రోగానికే అన్నీ ఎట్లా పోతాయి అన్నది ఇంకా చెప్పాల్సి ఉంది. గొంతు పెంచాను. వినబడటం లేదని పిల్లలు నా దగ్గరికి జరిగి కూర్చున్నారు.